మూడుసార్లు కట్టిన మోటార్‌సైకిల్

నోలా ప్రూయిట్ గురించి చెప్పమంటే మా ఊళ్ళో ఎవరైనా మొదట వాళ్ళాయన గురించే చెబుతారు. నాకు అక్కడే ఒళ్ళు మండుతుంది. ఆల్డర్ ఫ్లాట్ బడి వంటింట్లో నేనూ నోలా ఇరవయ్యారేళ్ళు ఒకే పొయ్యి దగ్గర నిలబడి వండాం. ప్రతి గురువారం మూడువందలమంది పిల్లలకి మాంసం, బీన్స్ వేసి చిల్లీ పులుసు కాచి, దానితోపాటు తినడానికి దాల్చినచెక్క పొడి చల్లిన రొట్టెలు చుట్టిన చేతులు ఆవిడవి. అయినా సంతలో కనిపిస్తే చాలు, "వెండెల్ ఎలా ఉన్నాడు నోలా?" అని అడుగుతారు. ఆవిడ కూడా "బాగానే ఉన్నాడు" అని నవ్వేసి వచ్చేస్తుంది. నేనైతే "నేనూ బతికే ఉన్నాను" అని మొహం మీద అనేసేదాన్ని.

వెండెల్ చెడ్డవాడు కాదు. తాగడు, అరవడు, ఆదివారం చర్చికి చొక్కా ఇస్త్రీ చేసుకుని మరీ వస్తాడు. ఒక్కటే జబ్బు. ఏ పనైనా తన చెయ్యి పడితేగాని అది పూర్తయినట్టు కాదు. ముప్పై ఎనిమిదేళ్ళు గడ్డి లారీ తోలాడు. మా ఐడహో నుంచి కింద నెవాడా పాడి కొట్టాల దాకా ఎండుగడ్డి బేళ్ళు మోశాడు. ఒక్క బేలు కూడా దారిలో జారలేదు. సరుకు కట్టడంలో అతన్ని మించినవాడు చుట్టుపక్కల లేడు, అది నేనూ ఒప్పుకుంటాను. పట్టీ బిగించి, సరుకు మీద అరచేత్తో రెండు చరుపులు చరిచి, "ఇహ ఇది ఎక్కడికీ పోదు" అంటాడు. మా వైపు మగవాళ్ళంతా అనే మాటే అది. పాత సోఫా కట్టినా సరే, ఆ రెండు చరుపులూ ఆ మాటా లేకుండా ట్రక్కు కదలదు. మిగతావాళ్ళు అలవాటుగా అంటారు, వెండెల్ మాత్రం హామీపత్రం మీద సంతకం పెట్టినట్టు అంటాడు.

మొన్న వేసవిలో మా కాలువ లస్కరు ఉద్యోగం ఖాళీ అయింది. పాతాయన మోకాళ్ళు పోయి మానుకున్నాడు. నది దగ్గర్నుంచి మా పొలాలదాకా ఇరవై రెండు మైళ్ళ కాలువ. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా రోజూ గట్టు వెంట తిరిగి, ఎవరి వంతు ప్రకారం వాళ్ళ తూము షట్టరు ఎత్తి, వంతు అయిపోగానే దించాలి. పైభాగంలో గట్టు ఇరుకు, ట్రక్కు పట్టదు. అందుకని మోటార్‌సైకిల్ మీదే తిరగాలి. గట్టు దారి పదకొండు చోట్ల పెద్ద రోడ్డును దాటుతుంది కాబట్టి మోటార్‌సైకిల్ లైసెన్సు ఉన్నవాళ్ళకే ఉద్యోగమని కాలువ సంఘం నోటీసు పెట్టింది.

నోలా ఆ కాగితం పోస్టాఫీసు గోడ మీద చదివి, తిన్నగా మా ఇంటికి వచ్చింది.

"టిల్లీ, నేను పెడతాను దరఖాస్తు" అంది.

ఆవిడకి యాభై ఎనిమిదేళ్ళు. నేను నవ్వలేదు. ఎందుకంటే వెండెల్ లారీ మీద ఉన్న రోజుల్లో వాళ్ళ ఎనభై ఎకరాలకీ నీళ్ళు మార్చింది నోలాయే. పొద్దున్న ఐదింటికోసారి, సాయంత్రం ఏడింటికోసారి, భుజం మీద పార పెట్టుకుని పాత మోటార్‌సైకిల్ మీద చేలగట్ల వెంట పోయేది. ఆ తరవాత ఏప్రాను కట్టుకుని బడికి వచ్చేది. అది ఉద్యోగమని ఎవరూ అనలేదు, కనీసం పని అని కూడా అనలేదు. నీళ్ళ సంగతి ఆవిడకి తెలిసినంత ఆ సంఘంలో ఉన్న ఐదుగురు మగవాళ్ళకీ కలిపి కూడా తెలియదు. లేనిదల్లా లైసెన్సు ఒక్కటే. పొలంలో నడపడానికి లైసెన్సు ఎవరడుగుతారు?

రాత పరీక్ష ఒక్కసారికే అయిపోయింది. నేర్చుకునేవాళ్ళ పత్రం చేతికిచ్చారు. దాని మీద పగలు మాత్రమే నడపాలి, ఫ్రీవే ఎక్కకూడదు. నడిపి చూపించే పరీక్ష మాత్రం నది అవతల కౌంటీ పట్నంలో, నెలకి ఒక్కరోజు. మంచు పడితే ఏప్రిల్ దాకా లేదు. అంటే ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు. సంఘం వాళ్ళు నవంబరు మొదటి సోమవారం ఎంపిక చేస్తారు. మూడు అవకాశాలున్నాయి, అందులో ఒక్కటి కుదిరితే చాలు.

నదికి దగ్గరి వంతెన ఫ్రీవే మీదే ఉంది. ఆనకట్ట మీదుగా చుట్టుదారి ఉంది గానీ, అది సగం కంకర, వెండెల్ ఒప్పుకోడు. కాబట్టి బండిని ట్రక్కుతో తీసుకుపోవాలి. ట్రక్కు తొట్టెలో వెండెల్ డీజిల్ ట్యాంకు, పనిముట్ల పెట్టె ఎప్పటినుంచో పాతుకుపోయి ఉన్నాయి, అవి దింపడానికి ఒప్పుకోడు. "నేనున్నానుగా" అని ఎక్కడినుంచో క్యారియర్ ఒకటి తెచ్చాడు. ట్రక్కు వెనక బంపర్ కింద చదరపు ఇనప గొట్టం ఉంటుంది చూడండి, దాంట్లోకి దోపి పిన్ను పెట్టే రకం. దాని మీద బండి ట్రక్కు వెనక, వీపుకి అడ్డంగా పెట్టుకున్న కర్రలా నిలబడుతుంది. చిన్న పలక ఆనించి, బండిని పైకి తోసి, హ్యాండిల్‌కి అటూ ఇటూ పట్టీలు వేసి బిగించాలి. పళ్ళ మీట ఉన్న పట్టీలు. మీట ఆడించినప్పుడల్లా టిక్కు, టిక్కు అంటూ ఒక్కో పన్నూ బిగుస్తుంది.

వెండెల్ చేతికి ఆ మీట దొరికింది.

ఆగస్టులో మొదటిసారి వెళ్ళినప్పుడు నేను కూడా ఎక్కాను, బడికి సెలవులు కదా. గడ్డి బేలు ఎంత బిగిస్తే అంత మంచిది, అది నొక్కుకుపోతుంది, మళ్ళీ ఉబ్బుతుంది. మోటార్‌సైకిల్ గడ్డి బేలు కాదు. ముందు ఫోర్కులో స్ప్రింగు ఉంటుంది, నూనె ఉంటుంది, ఆ నూనెని ఆపే సీళ్ళుంటాయి. వెండెల్ ఒక కాలు బంపర్ మీద తన్నిపెట్టి, పళ్ళు బిగబట్టి టిక్కుటిక్కుమనిపిస్తూనే ఉన్నాడు. బండి ముందుభాగం నేలకి ముక్కు ఆనించిన గొర్రెలా వంగిపోయింది.

"వెండెల్, చాలేమో" అంది నోలా.

"వంతెన మీద గాలి నీకు తెలీదే. నాకు తెలుసు." ఇంకో రెండు టిక్కులు. రెండు చరుపులు. "ఇహ ఇది ఎక్కడికీ పోదు."

నోలా నావైపు చూసి ఊరుకుంది. నేనూ ఊరుకున్నాను. మొగుడూ పెళ్ళాల మధ్య మనమెందుకని.

ముప్పై మైళ్ళు వెళ్ళి దింపి చూస్తే ఫోర్కు రెండు కాళ్ళ వెంటా నూనె కారుతోంది. సీళ్ళు చిట్లాయి. నూనె ముందు బ్రేకు మీద కూడా పడింది. పరీక్ష పెట్టే మిసెస్ ఉగాల్డె పొట్టిగా, నెరిసిన జడతో, చేతిలో అట్టతో వచ్చింది. ముందు బండి తనిఖీ, ఆ తరవాతే పరీక్ష.

"ఎన్నేళ్ళుగా నడుపుతున్నారమ్మా?" అని నోలాని అడిగింది.

"పొలంలో ఇరవై ఏళ్ళ పైనే నడిపింది" అన్నాడు వెండెల్.

"ఎందుకు తీసుకుంటున్నారు లైసెన్సు?"

"కాలువ మీద పనికి" అన్నాడు వెండెల్.

ఆవిడ వంగి, వేలితో ఫోర్కు తుడిచి, వేలు ఇద్దరికీ చూపించింది. "బ్రేకు మీద నూనె ఉన్న బండి మీద నేనెవర్నీ ఎక్కించను. వచ్చే నెల రండి."

తిరిగొచ్చేటప్పుడు దారంతా వెండెల్ ఆ సీళ్ళు చేసినవాళ్ళని తిట్టాడు. పాత సరుకట, నాసిరకమట. తను బిగించిన మాట మాత్రం నోట రాలేదు. నోలా కిటికీలోంచి బంగాళాదుంప చేలు చూస్తూ కూర్చుంది. నాకైతే ఆ మీట తీసి అతని నెత్తిన ఒక్కటివ్వాలనిపించింది. ఇంటికి రాగానే, పాపం, పొద్దుపోయేదాకా కూర్చుని సీళ్ళు రెండూ తనే మార్చాడు. ఆ మనిషితో వచ్చిన చిక్కే అది. తిట్టడానికి పూర్తిగా వీలుపడనివ్వడు.

బడి తెరిచిన రోజు వంటింట్లో నోలాని పట్టుకున్నాను. "ఒసేయ్, నేను కట్టుకుంటాను, నువ్వు తప్పుకో అని ఒక్కమాట అనలేవూ?"

"అందామనే అనుకుంటాను టిల్లీ. గొంతుదాకా వస్తుంది. ఈలోగా ఆయన చేసేస్తాడు."

"చేసేస్తాడు, చెడగొట్టేస్తాడు."

"తెలుసు" అంది. ఆ ఒక్కమాట అని బీన్స్ డబ్బాలు తెరవడం మొదలుపెట్టింది. నాకు వెండెల్ మీద కంటే ఆవిడ మీదే ఎక్కువ కోపం వచ్చింది ఆ రోజు.

సెప్టెంబరులో నేనూ బడికి సెలవు పెట్టి వెళ్ళాను. ఈసారి వెండెల్ ఒక ఉపాయం పన్నాడు. ముందు చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య చెక్కదిమ్మ పెట్టాడు. అప్పుడు ఎంత బిగించినా ఫోర్కు కుంగదు. బాగానే ఉందనుకున్నాం. ఉపాయం ఫలించిందన్న ధీమాతో ఈసారి ఇంకా బిగించాడు. పట్టీ హ్యాండిల్ దగ్గర్నుంచి కిందికి దిగే దారిలో ఎడమవైపు ఇండికేటర్ అడ్డం వచ్చింది. పట్టీ దాన్ని పక్కకి నొక్కి పెట్టింది. నోలా చూసింది, నేనూ చూశాను.

"వెండెల్, ఆ లైటు..."

"అది రబ్బరు కాడే, వంగుతుంది. విరగదు."

వంతెన దాటేసరికి విరిగింది. దీపం తీగకి వేళ్ళాడుతోంది. దారిలో పోలీసు కూడా ఆపాడు, బండి చక్రం ట్రక్కు నంబరుపలకకి అడ్డంగా ఉందని. వెండెల్ అతనితో కట్టు గొప్పతనం గురించి పావుగంట మాట్లాడాడు. మిసెస్ ఉగాల్డె మమ్మల్ని దూరం నుంచే గుర్తుపట్టింది. బండి చుట్టూ ఒక చుట్టు తిరిగి, వేళ్ళాడే దీపం దగ్గర ఆగింది.

"తిరిగేటప్పుడు వెనకవాళ్ళకి ఎలా తెలుస్తుందమ్మా?"

"చెయ్యి చూపిస్తుంది" అన్నాడు వెండెల్.

"నేను ఆవిణ్ణి అడిగాను."

నోలా నోరు తెరిచింది. వెండెల్ అప్పటికే జేబులోంచి నల్లటేపు తీసి దీపం అంటించబోతున్నాడు. మిసెస్ ఉగాల్డె అట్ట మీద ఏదో గీసి, తరవాతివాళ్ళ పేరు పిలిచింది.

నోలా ఆ రోజు ట్రక్కు వెనకసీట్లో నా పక్కన కూర్చుంది. ఏడవలేదు. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, బొటనవేలితో ఇంకో బొటనవేలి గోరు నొక్కుతూ కూర్చుంది. ఊరు చేరగానే మాకు తెలిసిన కబురేమిటంటే, సంఘం ఛైర్మన్ ఆర్వల్ స్టకీ అక్కకొడుకు కూడా దరఖాస్తు పెట్టాడు. వాడికి లైసెన్సు ఉంది. తూముకీ కల్వర్టుకీ తేడా తెలియదు గానీ, లైసెన్సు మాత్రం ఉంది.

ఇక మిగిలింది అక్టోబరు ఒక్కటే. మా ఊళ్ళో నేను ఎవరితో ఈ సంగతి చెప్పినా నవ్వేవాళ్ళు. "వెండెల్ కట్టాడా? అయితే భూకంపం వచ్చినా ఊడదు" అనేవాళ్ళు. ఊడకపోవడమేరా నాయనా మా బాధ, అని తల కొట్టుకునేదాన్ని.

అక్టోబరు చివరి గురువారం మళ్ళీ బడికి సెలవు పెట్టి, తెల్లవారేసరికి వాళ్ళింటికి వెళ్ళాను. నోలా అప్పటికే కోటు వేసుకుని క్యారియర్ దగ్గర నిలబడి ఉంది. బండి ఎక్కించేసింది, కట్టేసింది కూడా. హ్యాండిల్‌కి మెత్తటి గుడ్డ ఉచ్చులు వేసి, వాటికి పట్టీలు తగిలించి, ఫోర్కు సగం కుంగేదాకా బిగించి వదిలింది. చక్రాలకి ఒక్కో చిన్న తాడు కట్టింది. ఇండికేటర్లకి ఏదీ తగలడంలేదు. నేను పట్టుకుని ఊపి చూశాను. బండితోపాటు ట్రక్కు కూడా ఊగింది.

వెండెల్ బయటికొచ్చాడు. చుట్టూ తిరిగాడు. పట్టీ మీద వేలు పెట్టి వీణ తీగలా మీటాడు. నోలా చూస్తోందని చెయ్యి తీసేశాడు. చరుపులూ చరవలేదు, మాటా అనలేదు. అమ్మయ్య అనుకున్నాను.

ఫ్రీవే ఎక్కేముందు పెట్రోలు బంకు దగ్గర ఆగాం. నోలా కాఫీ తేవడానికి లోపలికి వెళ్ళింది. నేను వెనకసీట్లో ఉన్నాను. వెండెల్ గొట్టం ట్యాంకులో పెట్టి, ఊరికే అన్నట్టు వెనక్కి నడిచాడు. దుకాణం తలుపువైపు చూశాడు. మీట పట్టుకున్నాడు.

టిక్కు.

మళ్ళీ తలుపువైపు చూశాడు. టిక్కు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. రెండు నెలలు నోరు కట్టుకున్నది చాలనిపించి దిగాను.

"వెండెల్, చెయ్యి తియ్యి."

ఉలిక్కిపడ్డాడు. "రెండే టిల్లీ. రెండు పళ్ళు. వంతెన మీద ఇవాళ గాలి..."

"అది ఆవిడ కట్టింది."

"బాగానే కట్టింది. బాగా లేదని నేనన్నానా? కాకపోతే..." ఇంకోవైపు పట్టీ మీదికి చెయ్యి పోయింది. అతనికి తెలియకుండానే పోయినట్టుంది.

నోలా అట్టపెట్టెలో మూడు కాఫీలు పట్టుకుని వస్తోంది. నేను దాచలేదు. "నోలా, మళ్ళీ బిగించాడు" అన్నాను.

ఆవిడ కాఫీలు ట్రక్కు మూతి మీద పెట్టింది. అరుస్తుందనుకున్నాను, అరవలేదు. వంగి పట్టీలు ఒక్కొక్కటీ విప్పడం మొదలుపెట్టింది.

"ఏం చేస్తున్నావే? టైమైపోతోంది. పదింటికి పరీక్ష."

నోలా పలక ఆనించింది. బండిని మెల్లగా కిందికి దింపింది. పక్కకి నడిపించి స్టాండు వేసి, అప్పుడు అతనివైపు తిరిగింది.

"వెండెల్, ముప్పై నాలుగేళ్ళలో నేను కట్టిన ముడి ఒక్కటైనా నువ్వు విప్పి మళ్ళీ కట్టకుండా వదిలావా? పిల్లల బూట్ల తాళ్ళు నేను కడితే విప్పి కట్టావు. ఐసుపెట్టె తాడు విప్పి కట్టావు. మా అమ్మ శవపేటిక మీద పూలకి రిబ్బను నేను కట్టాను. దాన్నీ విప్పి కట్టావు. అందరిముందూ. జారిపోతుందని."

వెండెల్ మొహం పాలిపోయింది. "నీకు సాయంగా..."

"ఆ రోజు నిన్నేమీ అనలేదు నేను. అనాల్సింది. ఇవాళ అంటున్నాను. ఈ బండి ముట్టుకోకు."

పక్క పంపు దగ్గర ట్రక్కు నింపుకుంటున్నవాడు మావైపు చూడకుండా గట్టిగా ప్రయత్నించాడు. వెండెల్ చేతిలో ఇంకా పట్టీ కొస ఉంది. దాన్ని చుట్టాడు, విప్పాడు.

"మరి నేనేం చెయ్యను?" అన్నాడు.

ఎగతాళికి అన్న మాట కాదు. నిజంగానే అడిగాడు, చెబితే వెళ్ళి ఆ పని చేసేవాడిలా.

"కాఫీ తాగు" అంది నోలా. హెల్మెట్ పెట్టుకుంది. "నేను ఆనకట్ట మీదుగా వస్తాను. ఆ దారిలో నా పత్రం చెల్లుతుంది."

ఆనకట్ట దారంటే ముప్పై నాలుగు మైళ్ళు, సగం కంకర. అప్పటికి తొమ్మిది కావడానికి పది నిమిషాలుంది. ఆవిడ బండి తన్ని, ఎడమ ఇండికేటర్ వేసి, రోడ్డు రెండువైపులా చూసుకుని వెళ్ళిపోయింది.

వెండెల్ పరుగున వచ్చి సీట్లో కూర్చుని తాళాలకోసం తడుముకున్నాడు. "వెనకాలే పోదాం. ఆ కంకరమీద చక్రం జారితే ఎవరు చూస్తారు?"

అతను చూడకుండా తాళాలు నేను అప్పటికే తీసి జేబులో వేసుకున్నాను. "ఫ్రీవే మీద పోదామంటే ఇస్తాను" అన్నాను. "కంకర దారికైతే ఇవ్వను."

నావైపు చూసిన చూపుకి ఇంకొకరైతే ఇచ్చేసేవాళ్ళే. నేను మూడువందలమంది పిల్లలకి అన్నం పెట్టినదాన్ని, అలాంటి చూపులు చాలా చూశాను. కాఫీ తాగమన్నాను. తాగాడు.

ఫ్రీవే మీద ఖాళీ క్యారియర్ వెనకనుంచి గడగడమంటూనే ఉంది. వంతెన మీద గాలి నిజంగానే బలంగా ఉంది, ట్రక్కునే పక్కకి తోసింది. వెండెల్ స్టీరింగు సరిచేసుకున్నాడు. తొమ్మిదిన్నరకల్లా పరీక్ష స్థలంలో ఉన్నాం. సిమెంటు నేల, పసుపు గీతలు, వరసగా నారింజరంగు శంకువులు. మేం ట్రక్కు దిగి కంచె పక్కన నిలబడ్డాం.

"గాలి ఎటునుంచి ఉంది?" అన్నాడు.

"పడమర నుంచి."

ఐదు నిమిషాలాగి, "ఇంకా పడమర నుంచేనా?" అన్నాడు. తొమ్మిదీ నలభై అయింది. నలభై ఐదయింది.  తాళాలు దాచినది నేను కదా. ఆవిడ ఏ గుంటలోనో పడి ఉంటే ఆ పాపం నాది. నా మీద నాకొచ్చిన కోపం కూడా వెండెల్ మీదకే మళ్ళించాను, అలవాటుగా.

"ఆవిడ నడపలేదనా నీ భయం?" అన్నాను.

కంచె మీద చేతులు పెట్టుకున్నాడు. "ఆవిడ నడపగా నేనెప్పుడూ చూళ్ళేదు టిల్లీ" అన్నాడు.

"ఇరవై ఏళ్ళపైన నడిపింది కదయ్యా, నీ పొలంలో!"

"అప్పుడు నేను రోడ్ల మీద ఉండేవాణ్ణి."

నేను మళ్ళీ ఆనకట్ట దారివైపు చూశాను. 

తొమ్మిదీ యాభై నాలుగుకి నోలా వచ్చింది. నడుందాకా తెల్లటి దుమ్ము, హెల్మెట్ అద్దం మీద దుమ్ములో చేత్తో తుడిచిన అర్ధచంద్రం. మావైపు చూడలేదు. తిన్నగా మిసెస్ ఉగాల్డె ముందుకి తీసుకెళ్ళి ఆపింది. ఆవిడ వంగి ఫోర్కు వేలితో తుడిచింది, వేలు చూసుకుంది. పొడిగా ఉంది. దీపాలు, హారను, బ్రేకు, అన్నీ చూసింది.

"మీ ట్రక్కు ముందే వచ్చి అక్కడ నిలబడి ఉంది. మీరెలా వచ్చారు?"

"ఆనకట్ట మీదుగా నడుపుకుంటూ వచ్చాను" అంది నోలా.

మిసెస్ ఉగాల్డె కళ్ళజోడు మీదుగా ఆవిణ్ణి ఎగాదిగా చూసింది. "ట్రక్కు మీద కట్టి తెచ్చిన బళ్ళలో సగం తనిఖీలోనే పోతాయి నా దగ్గర. మొదటిసారే ఇలా వచ్చి ఉండాల్సింది."

పరీక్ష పన్నెండు నిమిషాలు పట్టింది. శంకువుల మధ్య మెలికలు తిరిగింది. ఇరుకు చోట కాలు నేలమీద ఆనించకుండా వెనక్కి మళ్ళింది. చేలగట్టు చివర భుజం మీద పారతో మళ్ళినదానికి అది ఒక లెక్కా? ఆగమన్న గీత మీద ముందు చక్రం ఆపింది. మూడు నెలల రంపపు కోత పన్నెండు నిమిషాల్లో తేలిపోయింది. సంతోషించాలో, చేజారిన ఆ రెండు నెలలకీ ఏడవాలో నాకు అర్థం కాలేదు.

వెండెల్ కంచె వదల్లేదు. "కాలు కింద పెట్టలేదు, చూశావా?" అన్నాడు. నాతో అన్నాడో తనలో తను అనుకున్నాడో తెలియదు.

నోలా ఫ్రీవే మీద, వంతెన మీదుగా, తన బండి మీదే ఇంటికి వచ్చింది. మేం చాలా వెనకాల వచ్చాం. గాలి వీచినప్పుడల్లా వెండెల్ చేతులు స్టీరింగు మీద బిగుసుకునేవి. 

నవంబరు మొదటి సోమవారం సంఘం సమావేశం పెట్టారు. కాలువ ఆఫీసులో మడతకుర్చీలు, కాగితం కప్పుల్లో కాఫీ. బల్ల వెనక ఐదుగురు మగవాళ్ళు. ఆర్వల్ స్టకీ నోలా కాగితాలు తిరగేశాడు, లైసెన్సు అటూ ఇటూ తిప్పి చూశాడు. తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. అప్పుడు తలెత్తి, నోలాని దాటుకుని మూడో వరసలోకి చూశాడు.

"వెండెల్, ఆవిడ రోజూ ఒంటరిగా కాలువగట్టు మీద తిరగాలి. నీకు సమ్మతమేనా?"

గదిలో అందరూ వెనక్కి తిరిగారు. ఛైర్మన్ అక్కకొడుకు కూడా తిరిగాడు. నోలా మాత్రం తిరగలేదు, ఆవిడ వీపు కర్రలా నిలబడింది. నేను వెండెల్ పక్కనే ఉన్నాను. అతను నోరు తెరవడం చూశాను. చెప్పాల్సింది అంతా నాలుక చివర ఉంది, కంకర, గాలి, తూముల దగ్గర పాకుడు. మూసేశాడు. మోకాళ్ళ మీద చేతులు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి.

"ఆవిడ నీ ఎదురుగానే ఉంది కదా ఆర్వల్" అన్నాడు. "ఆవిణ్ణే అడుగు."

ఆర్వల్ ఇష్టంలేకుండా నోలావైపు తిరిగాడు. ఆవిడ లేచి నిలబడింది.

"నాకు సమ్మతమే. మీ ఏడో నంబరు తూము షట్టరు రెండేళ్ళుగా మూడంగుళాలు ఎక్కువ లేచి ఉంటోంది ఆర్వల్. నీళ్ళు మీ చేలోకే ఎక్కువ పోయి, దానికి దిగువన నాలుగు కుటుంబాల చేలు ఎండుతున్నాయి. ఏప్రిల్లో మొదటిరోజు అక్కడికే వస్తాను."

ఎవరో దగ్గారు. ఆర్వల్ చెవులు ఎర్రబడ్డాయి. పోయిందే ఉద్యోగం అనుకున్నాను, ఈ ఒక్క మాటా ఉద్యోగం వచ్చాక అనకూడదూ అని లోపల తిట్టుకున్నాను. చేతులెత్తమన్నారు. ఏడో తూముకి దిగువన పొలాలున్న సభ్యులిద్దరూ ముందు ఎత్తారు. కాసేపాగి మూడో చెయ్యి లేచింది. మూడు ఓట్లు నోలాకి, రెండు అటు.

కుర్చీలు మడుస్తున్నారు. నోలా కాగితాలు సంచిలో పెట్టుకుంటోంది. ఆర్వల్ బల్ల చుట్టూ తిరిగి వచ్చాడు. ఎంతైనా ఛైర్మను, మర్యాద పాటించాలి కదా. నోలా పక్కనుంచే నడిచి వచ్చి, "అభినందనలు" అంటూ వెండెల్‌కి చెయ్యి చాపాడు.

వెండెల్ తన రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాడు.